క్లాంపు కింద మడత

గాలి దారి

ముప్పై నాలుగేళ్లు మోటారుసైకిళ్లు బాగుచేసి పోయిన ఏడాది పని మానేశాను. మొదటి ఎనిమిదేళ్లు విజయనగరంలో ఒక మేస్త్రి దగ్గర, మిగతా కాలమంతా చీపురుపల్లిలో, గరివిడి రోడ్డు మీదున్న ఒక సర్వీసు సెంటరులో. నా పేరు తవిటినాయుడు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ల కోసం నాకు తెలిసింది రాసిపెట్టమని సెంటరులో ఇప్పుడున్న మెకానిక్కులు అడిగారు. వాళ్లు అడిగింది పని గురించి. నేను రాయబోతున్నదాంట్లో సగం అసూయ గురించి ఉంటుంది. ఆ రెంటినీ విడదీసి రాద్దామని రెండు నోటుపుస్తకాలు పాడుచేశాను. కుదరలేదు.

ముందు పని సంగతి. మోటారుసైకిలు సీటు కింద ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. అందులో కాగితం మడతల ఫిల్టరు. బయటి గాలి దుమ్మంతా ఆ ఫిల్టరులో వదిలేసి, ఒక రబ్బరు గొట్టం గుండా కార్బురేటర్‌లోకి, అక్కణ్ణుంచి ఇంజనులోకి వెళ్తుంది. ఆ రబ్బరు గొట్టాన్ని మేము బూటు అంటాం. బూటు చివర ఊడిపోకుండా చుట్టూ ఒక ఇనప పట్టీ, దాన్ని బిగించడానికి ఒక స్క్రూ ఉంటాయి. అదే క్లాంపు. పెట్టె మూత దగ్గర గానీ, బూటు దగ్గర గానీ సందు ఉంటే గాలి ఫిల్టరును తప్పించుకుని దుమ్ముతో సహా లోపలికి పోయి ఇంజనును అరగదీస్తుంది. కార్బురేటర్ దాటాక, ఇంజను వైపు అతుకులో సందు ఉంటే గాలిలో పెట్రోలు వాటా తగ్గి, బండి నిలబెట్టినచోటే అరుస్తుంది, వేడెక్కుతుంది, గేరు తగ్గించినప్పుడల్లా సైలెన్సరులో టపటపమంటుంది.

అందుకని కొన్ని సర్వీసులకోసారి ఈ అతుకులన్నీ విప్పి, తుడిచి, పగిలిన రబ్బర్లు మార్చి, మళ్లీ గాలి చొరకుండా మూయాలి. ఇంజను విప్పిన మెకానిక్కు చుట్టూ నలుగురు చేరి చూస్తారు. ఈ పని చేస్తున్నవాడి వైపు ఎవరూ చూడరు. సరిగ్గా చేస్తే బండిలో ఏ తేడా కనిపించదు. తప్పు చేసినా ఆ రోజుకు కనిపించదు. రెండు మూడు నెలలు పోయాక బయటపడుతుంది. ఈ ఆలస్యం గురించి తర్వాత చెబుతాను.

మేస్త్రి చూపించిన నాలిక

విజయనగరంలో నాకు పని నేర్పిన అప్పలస్వామి మేస్త్రి మాటలు తక్కువ మనిషి. ఆయన దగ్గర చేరిన రెండో ఏడు ఒక బడి మాస్టారి బండికి కార్బురేటర్, ఇంజను మధ్య అతుకు నేనే మూశాను. గమ్ము ఎంత ఎక్కువ పూస్తే అంత గట్టిగా పట్టుకుంటుందనుకుని వేలి మందాన పూసి బిగించాను. బయటికి పొంగిందాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

పదిహేను రోజులకు మాస్టారు బండి తోసుకుంటూ వచ్చారు. మేస్త్రి నా ఎదురుగానే విప్పాడు. లోపలికి పొంగిన గమ్ము పెట్రోలు తడికి ఉబ్బి, మెత్తబడి, గాలి దారికి అడ్డంగా నాలికలా వేలాడుతోంది. దాన్ని గోటితో పీకి నా అరచేతిలో పెట్టాడు.

"బయటికొచ్చింది నువ్వు తుడిసేసేవు. లోపలికెల్లింది ఎవుడు తుడుస్తాడ్రా?"

ఆ రోజు నుంచి నాకు అర్థమైందేమిటంటే గాలి అతుకు మూయడంలో ముప్పావువంతు తుడవడమే. పాత గమ్ము, పాత గ్రీజు, ఇసుక నలుసు ఒక్కటి లేకుండా తీసేసి, ఒకదానికొకటి ఆనే రెండు ముఖాలూ సమంగా ఉన్నాయో లేదో చూసుకుంటే గమ్ముకు మిగిలే పని చాలా తక్కువ. రబ్బరు రింగు ఉన్నచోట గమ్ము పూయనే కూడదు. రింగు మార్చాలి. కొత్త రింగు లేదని పాత రింగుకు గమ్ము పూసి నెట్టుకొచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ల చేతికి నా బండి ఇవ్వను.

మేస్త్రి దగ్గర ఉన్నన్నాళ్లూ నాకు అసూయంటే ఏమిటో తెలియదు. అదేదో నా మంచితనం అనుకునేవాణ్ణి. అక్కడ ఆయన కింద పనివాణ్ణి నేనొక్కణ్ణే కావడం వల్ల అలా ఉందని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

నూకాలు

చీపురుపల్లి సెంటరులో నేను సీనియర్ మెకానిక్కుగా కుదురుకుని చాలాకాలమయ్యాక నూకాలు పనికి చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. శ్రీకాకుళం అవతల సముద్రపు ఒడ్డు ఊరు. వాళ్ల నాన్న పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. పెళ్లయి మొగుడికి గరివిడిలో పని దొరికితే ఇటు వచ్చింది. ఒక కూతురు. మొదట ఆఫీసులో సర్వీసు కార్డులు రాసే పనికని తీసుకున్నారు. నెల తిరక్కుండా పానా పట్టుకుంది.

ఆమెకు మోటారుసైకిలు పని నేర్పమని మా ఫోర్‌మన్ జగ్గారావు గారు నాకే అప్పజెప్పారు. నేర్పాను. బాగానే నేర్పాను, ఆ మాట మటుకు గట్టిగా చెప్పగలను. నన్ను "అన్నయ్యా" అనేది. నేను ఒకసారి చెప్పింది రెండోసారి అడగలేదు. మొదటి రెండు నెలలు నాకు అది గర్వంగా ఉండేది. నేను నేర్పిన మనిషి అని వచ్చినవాళ్లకు చూపించేవాణ్ణి.

తర్వాత ఒక బండి వచ్చింది. ఊళ్లు తిరిగే నర్సమ్మ గారిది. నిలబెడితే ఊరికే అరుస్తోంది, ఎత్తెక్కదు, టపటపమంటోంది. నేను ప్లగ్గు మార్చాను. కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగాను. కాయిల్ మార్చాను. నాలుగు రోజులు గడిచాయి. పాపం ఆ నర్సమ్మ గారు రోజూ ఆటోలో వచ్చి చూసి వెళ్తున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం నూకాలు అటుగా పోతూ ఆగి, కాసేపు విని, తాగే నీళ్ల సీసా తెచ్చింది. ఇంజను నడుస్తుండగానే కార్బురేటర్, ఇంజను మధ్య అతుకు మీద చుక్క చుక్కగా నీళ్లు వదిలింది. ఒకచోట చుక్క పడగానే ఇంజను అరుపు తగ్గింది.

"ఇదిగో, ఇక్కడే పీలుస్తన్నాది అన్నయ్యా," అంది.

విప్పి చూస్తే ఆ అతుకు ముఖం వెంట్రుకవాసి వంగి ఉంది. నా కంటికి కనపడలేదు. ఆమె అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, ఆ ముఖాన్ని గుండ్రంగా తిప్పుతూ రుద్ది సమం చేసి, కొత్త రింగు వేసి గంటలో బండి ఇచ్చేసింది. ఎలా తెలిసిందని అడిగితే, "పడవలో నీరు ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి వస్తాది గదా. మా నాన ఎప్పుడూ సెయ్యి తడుపుకునే ఎతికేవోడు. ఇదీ అలాటిదే అనుకున్నాను," అంది.

జగ్గారావు గారు అందరి ముందూ నవ్వారు. "నాలుగు రోజులు పట్టింది నాయుడూ నీకు. సూడు, ఆ పిల్లకి సీసాడు నీళ్లు సరిపోయేయి."

జగ్గారావు గారు చెడ్డ మనిషి కాదు. పని తెలిసిన మనిషి. కానీ పనివాళ్లను పక్కపక్కన నిలబెట్టి పోల్చడం ఆయనకు సరదా. మీలో ఎవరైనా రేపు ఫోర్‌మన్ అయితే ఆ సరదా మానుకోండి. ఆ మాటకు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లి అన్నం సగంలో వదిలేశాను. ఏమైందని మా ఆవిడ అడిగితే ఎండ తగిలిందన్నాను.

"నూకాలున్నాదా?"

ఆ తర్వాత ఏడాది రెండేళ్లు నేను బతికిన బతుకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది మీకూ వస్తుంది.

గేటు దగ్గర బండి ఆగగానే తల ఎత్తకుండా చెవి అటు పెట్టేవాణ్ణి. వచ్చినవాడు "నాయుడున్నాడా?" అంటాడా, "నూకాలున్నాదా?" అంటాడా అని. మొదట నన్నడిగేవాళ్లే ఎక్కువ. తర్వాత సగం సగం. తర్వాత నేను ఎదురుగా ఖాళీగా కూర్చున్నా, "ఆవిడొచ్చీదాకా ఉంటాం లెండి," అని బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఇరవై ఏళ్లుగా నా దగ్గరే చేయించుకున్న ఒక రైల్వే ఆయన కూడా ఆ బెంచీ మీద కూర్చున్న రోజు నాకు బాగా గుర్తుంది. ఆయన నాకేసి చూసి ఇబ్బందిగా నవ్వాడు. ఆ నవ్వు కంటే తిట్టుంటే బాగుండేది.

ఆమె లేనప్పుడు ఆమె చేసిన బండ్లు చూసేవాణ్ణి. తప్పు దొరుకుతుందేమోనని వెతికేవాణ్ణి. దొరికేది కాదు. అతుకు చుట్టూ గమ్ము సన్నని గీతలా సమంగా ఉండేది. అలా పూయాలని ఇంటి దగ్గర పాత పెట్టె మూత మీద నేనూ ప్రయత్నించాను. ఆమె కంటే వయసులో ఇరవై ఏళ్లు పెద్దవాణ్ణి, ఆమెకు నేర్పినవాణ్ణి, తలుపేసుకుని ఆమె పని చూసి నేర్చుకుంటున్నాను. అడిగి ఉంటే సంతోషంగా చూపించేది. అడగడానికి నాకు నోరు రాలేదు.

కార్బురేటర్లు పోయి, పెట్రోలును లెక్కగా చిమ్మే ఇంజెక్షన్ బండ్లు వచ్చినప్పుడు, మా సెంటరు నుంచి ఒక్కరిని విశాఖపట్నం శిక్షణకు పంపాలన్నారు. నేనే వెళ్తానని ఇంట్లో చెప్పేశాను, బట్టలు కూడా ఇస్త్రీ చేయించుకున్నాను. జగ్గారావు గారు నూకాలును పంపారు. తిరిగొచ్చాక ఆమె తన నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టి, "అన్నయ్యా, నీకు ఇంగ్లీషు ముక్కలు అర్దం కాపోతే నాను సెప్తాను, ఇద్దరం సదువుదాం," అంది.

"నాకు తెల్సులే," అన్నాను. ఆ పుస్తకం మూడు రోజులు అలాగే బల్ల మీద ఉంది. నాలుగో రోజు ఆమే తీసుకుపోయింది.

ఎర్రయ్య బండి

ఎర్రయ్యది నూకాలు పుట్టిన ఊరే. యాభై దాటిన మనిషి. పాత కార్బురేటర్ బండికి రెండు పక్కలా ఐసు పెట్టెలు కట్టుకుని, తెల్లారేసరికి ఒడ్డున చేపలు ఎత్తుకుని, దారిలో ఊళ్లన్నీ అమ్ముకుంటూ చీపురుపల్లి సంతకు వచ్చేవాడు. రోజుకు వంద కిలోమీటర్ల పైన తిరుగుడు, అందులో సగం లారీల దుమ్ములో. బండికి ఏం వచ్చినా నూకాలు దగ్గరికే తెచ్చేవాడు. "మా ఊరాడకూతురు," అని బెంచీ మీదివాళ్లకు చెప్పుకునేవాడు.

ఎండలు ముదరకముందు ఒక ఉదయం అతని బండికి గాలి దారి అతుకులన్నీ మళ్లీ మూయాల్సి వచ్చింది. నూకాలు పెట్టె విప్పి కడిగింది. మూతకు కొత్త సీలు వేసింది. పగిలిన బూటు తీసేసి కొత్తది ఎక్కిస్తోంది. కొత్త రబ్బరు గట్టిగా ఉంటుంది, అంచు ఒక పట్టాన కూర్చోదు. క్లాంపు వదులుగా వేసి స్క్రూ ఇంకా బిగించలేదు, అప్పుడే బడి నుంచి ఫోను వచ్చింది. కూతురికి జ్వరం, వాంతులు, వెంటనే రమ్మని. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నయ్యా, ఎర్రయ్య మావది క్లాంపొక్కటే మిగిలింది. అంచు కూకుందో నేదో సూసి బిగించీవా? నాను ఎల్తన్నాను."

"ఎల్లు ఎల్లు, నాను సూస్తాను," అన్నాను.

వెళ్లి బండి దగ్గర కూర్చున్నాను. పై నుంచి చూస్తే బూటు చక్కగా ఎక్కినట్టే ఉంది. కింద వైపు వేలు పెట్టి తడిమాను. ఒకచోట అంచు లోపలికి మడతపడి ఉంది. వేలి గోరంత మడత. ఆ మడత పక్కన సన్నటి సందు. ఆమె చూడకుండా పోయిన తప్పు కాదది. చూడబోతుండగా ఫోను వచ్చింది, చూడమని నాకు చెప్పి వెళ్లింది.

బొటనవేలితో నెట్టితే సరైపోతుంది. అర నిమిషం పని.

ఇన్నాళ్లూ వెతికినా దొరకని తప్పు నా వేలి కింద ఉంది. నాకు ఒళ్లు వెచ్చబడింది. నిజం చెప్పాలంటే అది సంతోషం. స్క్రూడ్రైవరు తీసుకుని ఆ మడత మీదే క్లాంపు బిగించాను. గట్టిగా బిగించాను. కార్డులో పనిచేసినవారు అన్నచోట ఆమె పేరు ముందే ఉంది. చూసినవారు అన్నచోట నా సంతకం పెట్టాను. ఎర్రయ్య బండి ఎక్కుతూ నాకు దండం పెట్టి వెళ్లాడు.

ఇందాక చెప్పిన ఆలస్యం ఇదే. ఆ రోజు బండిలో ఏ తేడా లేదు. మర్నాడు లేదు. ఆ వారం లేదు. నేను ప్రతి సంతరోజూ అతని సైలెన్సరు వైపు చూసేవాణ్ణి. నెల దాటాక సన్నగా తెల్లటి పొగ మొదలైంది. అప్పుడైనా ఆపి సరిచేయొచ్చు. చేయలేదు. పొగ ఇంకొంచెం కనిపిస్తే చాలు, "నూకాలు పని" అని నలుగురూ అంటారు, అక్కడితో ఆగుతుంది అనుకున్నాను. ఇలాంటివి మనం అనుకున్నచోట ఆగవు.

వైశాఖ మాసపు ఎండలో, చీపురుపల్లి ఇంకా ఆరేడు కిలోమీటర్లుందనగా ఆ ఇంజను బలం పూర్తిగా పోయి ఆగిపోయింది. పెట్టెల నిండా చేపలు. ఐసు కరిగిపోతోంది. సరుకు పాడవుతుందన్న కంగారులో ఎర్రయ్య ఆ బరువుతోనే బండి తోసుకుంటూ బయల్దేరాడు. సగం దారిలో వడదెబ్బ తగిలి రోడ్డు పక్కన పడిపోయాడు. అటుగా వచ్చిన ఆటో అతను చూసి ఆసుపత్రిలో చేర్చాడు. రెండు రోజులు సెలైన్లు ఎక్కించారు. మొదటి రోజంతా తెలివి లేదు.

బండిని మా సెంటరుకు తెచ్చారు. నూకాలే ఇంజను విప్పింది. పిస్టన్, రింగులు, సిలిండరు గోడలు అన్నీ దుమ్ముకు అరిగిపోయి ఉన్నాయి. దుమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెనక్కి వచ్చి బూటు తీసింది. మడతపడ్డ చోట రబ్బరు అలాగే బిగుసుకుపోయి, దాని పక్కన దుమ్ము చార గట్టింది. ఆ బూటు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, ఆ రోజు నువ్వు సూసేవు గదా?"

"సూసేను. పైకి బాగానే ఉన్నాది," అన్నాను.

"కింద?"

"కిందా బాగానే ఉన్నాది."

ఆమె ఆ మడతను బొటనవేలితో నెట్టి చూసింది. "నీ ఏలికే తెలవనంతగా లోనకి మడిసేసేనన్నమాట. నా సెయ్యే తప్పింది," అంది.

నన్ను అనుమానించాలన్న ఊహే ఆమెకు రాలేదు.

నాకు తిరిగొచ్చిన బండ్లు

నూకాలు ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే ఎర్రయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడట. "ఆడపిల్ల సేతికి బండి ఇచ్చేను. నాదే బుద్ది తక్కువ," అన్నాడట. ఆ మాట నాకు చెబుతూ ఆమె ఏడవలేదు. మామూలుగా చెప్పి పనిలోకి వెళ్లిపోయింది.

కానీ ఆ రోజు నుంచి ఆమె చేతులు మారిపోయాయి. మూసిన పెట్టె మళ్లీ విప్పేది. బిగించిన క్లాంపు వదులుచేసి, తడిమి, బిగించి, బండి స్టాండు దించాక మళ్లీ పిలిచి విప్పేది. గంట పని పూట పట్టేది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు విసుక్కుని లేచి నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. రైల్వే ఆయన కూడా వచ్చాడు. నెల గడవకముందే జగ్గారావు గారు ఆమెను ఇంజన్ల పని నుంచి తప్పించి బండ్లు కడిగే చోట వేశారు.

నాకు కావలసింది అంతా నాకు దొరికింది. ఒక వారం హాయిగా ఉంది. అది దాచను. గేటు దగ్గర "నాయుడున్నాడా?" అన్న మాట వినబడ్డప్పుడల్లా నీళ్లు తాగినంత చల్లగా ఉండేది. తర్వాత తర్వాత ఆ మాట వింటూనే కళ్లు నీళ్లగొట్టం దగ్గరికి వెళ్లేవి. ఆమె మోకాళ్లదాకా తడిసి, ఎవరివో బండి చక్రాల బురద కడుగుతూ ఉండేది. ఇంజెక్షన్ బండి వస్తే నాకు సగమే తెలుసు, మిగతా సగం తెలిసిన మనిషి అక్కడ బురద కడుగుతోంది.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె ఒక పాత కార్బురేటర్, ఒక బూటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బూటు తానే ఎక్కించి తెచ్చింది.

"అన్నయ్యా, నా ఏలికి ఏటీ తెలవట్లేదు. బాగుందో మడిసిందో తెలవట్లేదు. మొదట్లో నేర్పినట్టు ఒక్కసారి నేర్పు. నీకెలగ తెలుస్తాదో సెప్పు."

నేను ఆ బూటు కింద వేలు పెట్టాను. అంచు చుట్టూ ఎక్కడా తేడా లేదు. మా సెంటరులో ఎవరూ అంత బాగా ఎక్కించలేరు. "బాగుంది," అన్నాను. "నిజంగానా?" అంది. "నిజంగానే," అన్నాను. ఆమె నమ్మలేదు. నన్ను నమ్మింది, తన చేతిని నమ్మలేదు. బూటు ఊడదీసి మళ్లీ ఎక్కించుకుంటూ వెళ్లిపోయింది.

నా కేరేజీలో అన్నం అలాగే ఉండిపోయింది.

చెప్పిన రోజు

మర్నాడు టీ తాగే వేళ అందరూ ఉన్నప్పుడు జగ్గారావు గారి దగ్గరికి వెళ్లి, నూకాలును కూడా పిలిచి చెప్పాను. కూర్చుని చెప్పలేకపోయాను, నిలబడే చెప్పాను.

"సార్, ఎర్రయ్య బండి తప్పు నూకాలుది కాదు. మడత నాకు తెలిసింది. ఏలికి తగిలింది. సరిసెయ్యలేదు."

జగ్గారావు గారు టీ గ్లాసు కింద పెట్టారు. నూకాలు ముందుకు వచ్చింది.

"తెలిసే బిగించీసావా?"

"తెలిసే."

"ఏల?"

"అందరూ నిన్నే అడుగుతన్నారని."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. "మూడు నెల్లు నా సేతుల్ని నాను తిట్టుకున్నాను," అంది, అంతే. చీరకొంగుతో కాదు, పని గుడ్డతో చేతులు గట్టిగా తుడుచుకుని, కడిగేచోటికి వెళ్లి నీళ్లగొట్టం కట్టేసి, తన పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్లి తన పాత బల్ల దగ్గర కూర్చుంది. ఆమెను కూర్చోమని ఎవరూ చెప్పలేదు. వద్దని చెప్పే ధైర్యమూ ఎవరికీ లేదు.

జగ్గారావు గారు నన్ను పని నుంచి తీసేయలేదు. తీసేస్తారనుకున్నాను. "నీ పని నువ్వు సెయ్యి. ఇంకోళ్ల పని నువ్వు సూడొద్దు," అన్నారు. అప్పట్నుంచి పని మానేసే వరకు, చూసినవారు అన్నచోట నా చేత సంతకం పెట్టించలేదు. నా తర్వాత చేరినవాళ్లు నా పని చూసి సంతకం పెట్టేవాళ్లు. అది సరైన శిక్షే.

ఎర్రయ్యకు కూడా నేనే చెప్పాలన్నారు. ఇంజను నా చేతులతో మళ్లీ కట్టి, బండి తోలుకుని వాళ్ల ఊరు వెళ్లాను. వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. అంతా విన్నాడు. ఆయనకు అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"నామీద నీకేటి కోపం నాయుడుబాబూ?"

"నీమీద ఏటీ నేదు."

"మరి నా బండెందుకు పాడుసేసేవు?"

బండి తాళం ఆయన పక్కన ఇసుకలో పెట్టి, అరమైలు నడిచి బస్సెక్కాను. సాయంత్రం ఆయన నూకాలు ఇంటికి చేపలు పట్టుకెళ్లి, ఆసుపత్రిలో అన్న మాటకు ఆమె చేతులు పట్టుకున్నాడని తర్వాత విన్నాను.

మీకు చెప్పదలిచింది

ఈ పనిలో మీ కంటే చెయ్యి తిరిగినవాళ్లు మీ పక్క బల్ల దగ్గరే ఉంటారు. మీరు నేర్పినవాళ్లే మిమ్మల్ని దాటిపోతారు. అసూయ వస్తుంది. రాకూడదని నేను చెప్పను, చెప్పినా ఆగదు. వచ్చినప్పుడు ఇంకొకరి పని చూసి సంతకం పెట్టే బాధ్యత మీ దగ్గర ఉంటే, ఆ రోజుకు ఆ పని నావల్ల కాదని చెప్పండి. కారణం చెప్పక్కర్లేదు. తలనొప్పి అనండి. మీ పనిలో మీరు తప్పు చేస్తే బండి యజమానికి సమాధానం చెప్పుకోగలరు. ఇంకొకరి పనిలో తప్పు తెలిసీ వదిలేస్తే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె ఇస్తానన్న నోటుపుస్తకం నేను చదివి ఉండాల్సింది. అసూయకు నాకు తెలిసిన మందు అదొక్కటే, అడిగి నేర్చుకోవడం. అదీ పూర్తిగా పనిచేస్తుందో లేదో చెప్పలేను, నేను వాడి చూడలేదు.

గరివిడిలో

నూకాలు మరో ఏడాది మాతో పనిచేసి, గరివిడిలో సొంతంగా షెడ్డు పెట్టుకుంది. ఆ ఏడాదంతా నాతో పనికి కావలసిన మాట తప్ప మాట్లాడలేదు.

నేను పని మానేశాక, పోయిన చలికాలంలో నా బండి బూటు పగిలింది. ఇంట్లో పనిముట్లున్నాయి, నేనే మార్చుకోవచ్చు. అయినా గరివిడి వెళ్లాను. ఎందుకని మా ఆవిడ అడిగితే బజారు పని ఉందన్నాను.

రేకుల షెడ్డు ముందు ఐదు బండ్లు వరుసలో ఉన్నాయి. ఆమె నన్ను చూసి, "రండి. కూకోండి. ఇయన్నీ అయ్యాక సూస్తాను," అంది. వెనకటి "నువ్వు" లేదు, "అన్నయ్య" లేదు. నేను బెంచీ మీద కూర్చున్నాను. ముందున్న బండికి బూటు ఎక్కించగానే ఆమె దాని యజమానిని పిలిచి, బూటు కింద వేలు పెట్టి చుట్టూ తడమమంది. అతను తడిమి తలూపాక గానీ క్లాంపు బిగించలేదు. ఇదేమిటని నా పక్కనున్నాయన్ని అడిగాను. "ఎవులైనా అంతే. మన ఏలితో మనం సూస్కోకపోతే ఆవిడ బండి ఇవ్వదు," అన్నాడు.

నా వంతు వచ్చింది. పాతది తీసి, ముఖం తుడిచి, ఇంకోసారి తుడిచి, కొత్త బూటు ఎక్కించింది. చేతులు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వెనక్కి రాలేదు. తర్వాత పక్కకు జరిగింది.

"సూస్కోండి."

వంగి వేలు పెట్టాను. అంచు చుట్టూ సమంగా తగిలింది. పూర్తిగా ఒక చుట్టు తిప్పాను. ఏమీ లేదు. వేలు తీయకుండా రెండో చుట్టు తిప్పాను, ఈసారి నెమ్మదిగా, కింద వైపు ఇంకా నెమ్మదిగా.

"దొరికిందేటండి?"

"నేదు," అన్నాను.

ఆమె క్లాంపు బిగించి, తాళం నా చేతికిచ్చి, తర్వాతి బండి దగ్గరికి వెళ్లిపోయింది. మొదటి చుట్టు ఎవరైనా తిప్పుతారు. రెండో చుట్టు ఎందుకు తిప్పానో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.